సూక్ష్మజీవిని చంపే రసాయనం, కణం దాచుకున్న గంధకం

సభకు నమస్కారం.

ఈ రోజు ప్రసంగాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. చేతులు కడుక్కునే ద్రవంలోనో, కంటిచుక్కల సీసాలోనో, ముఖానికి రాసుకునే క్రీములోనో సూక్ష్మజీవులు పెరగకుండా ఒక రసాయనాన్ని కలుపుతారు. ఆ రసాయనపు అణువు ఒక కణం దగ్గరకు చేరినప్పుడు, ఎదురుగా ఉన్నది బాక్టీరియా కణమో, మన చర్మపు కణమో దానికి ఎలా తెలుస్తుంది? ఒక్క నిమిషం ఆలోచించండి. పెన్సిలిన్ విషయంలో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. పెన్సిలిన్ పట్టుకునేది బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైమును. మన కణాలకు ఆ గోడే లేదు. కానీ మనం రోజూ వాడే క్రిమినాశకాలలోనూ, ప్రిజర్వేటివ్‌లలోనూ చాలావాటికి ఈ విచక్షణ లేదు. అవి పట్టుకునేవి గంధకం ఉన్న అణువులు, కణపు పొరలు, శక్తిని పుట్టించే ఎంజైములు. ఇవన్నీ బాక్టీరియాలోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. అందుకే తేడా వచ్చేది అణువును గుర్తుపట్టడంలో కాదు, దెబ్బను తట్టుకోవడంలో. ఎవరి దగ్గర ఎంత రక్షణ నిల్వ ఉంది, అది ఎంత వేగంగా ఖర్చవుతోంది, ఎంత వేగంగా మళ్లీ నిండుతోంది అన్నదే అసలు విషయం. నేను చెప్పబోయేదంతా ఈ నిల్వ గురించే.

ముందు ఆ రక్షణ దేని నుంచో చూద్దాం. ఆక్సిజన్‌తో బతికే ప్రతి కణంలోనూ కొంత ఆక్సిజన్ దారి తప్పుతుంది. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీను నుంచి మరో ప్రోటీనుకు చేతులు మారుతూ పోతున్నప్పుడు కొన్ని మధ్యలోనే జారి ఆక్సిజన్ మీద పడతాయి, సూపరాక్సైడ్ పుడుతుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. అక్కడ స్వేచ్ఛగా తిరిగే ఇనుము ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్ అనే, ఎదురైన దేనినైనా కొరికే పదార్థం తయారవుతుంది. ఇవి పుట్టడం రోగం కాదు, ఊపిరి పీల్చే కణానికి అది నిత్యకృత్యం. పుట్టేదానికీ, అణిగేదానికీ మధ్య తూకం తప్పినప్పుడు ఏర్పడే స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నాం.

ఈ తూకాన్ని కాపాడేవాటిలో మొదటిది సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ దీని పనిని కనిపెట్టేవరకు, మామూలు కణంలో సూపరాక్సైడ్ పుడుతుందన్న మాటే చాలామంది నమ్మలేదు. రెండోది కేటలేజ్ అనే ఎంజైము, ఇది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఈ రెండింటి గురించి పాఠ్యపుస్తకాలలో బాగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆగను. నేను ఆగదలచుకున్నది మూడోదాని దగ్గర. దాని పేరు గ్లూటాథయోన్.

గ్లూటాథయోన్ చాలా చిన్న అణువు. గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిసి ఏర్పడింది. దాని బలమంతా మధ్యలో ఉన్న సిస్టీన్‌లో, ఆ సిస్టీన్ చివర ఉన్న గంధకం–హైడ్రోజన్ జంటలో ఉంది. ఈ జంటను థయోల్ అంటారు. మన కణాలలో గ్లూటాథయోన్ 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. ఒక కణంలో ఒకే రకం చిన్న అణువు ఇంత సాంద్రతలో ఉండటం చాలా అరుదు. కణం దాన్ని ఊరికే అంత పోగు చేసుకోలేదు. పెరాక్సైడ్ వచ్చినప్పుడు రెండు గ్లూటాథయోన్ అణువులు తమ హైడ్రోజన్లను ఇచ్చివేసి, ఒకదానినొకటి గంధకాల దగ్గర పట్టుకుని జంటగా మారతాయి. తరువాత గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైము ఆ జంటను విడదీసి మళ్లీ పాత రూపానికి తెస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో విడి రూపం వంద ఉంటే జంట రూపం ఒకటి ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైనప్పుడు ఆ వంద పదికి పడిపోతుంది, ఇంకా కిందికీ దిగుతుంది.

ఆ విడదీసే పనికి పెట్టుబడి ఎక్కడిది? ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి వస్తుంది. అది ఎక్కువభాగం గ్లూకోజ్ నుంచి, పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం అనే వరుస రసాయన చర్యల ద్వారా తయారవుతుంది. ఈ గొలుసును గుర్తుంచుకోండి: గ్లూకోజ్, ఎన్‌ఏడీపీహెచ్, గ్లూటాథయోన్, పెరాక్సైడ్. ఇందులో ఏ కొక్కెం ఊడినా చివరి పని ఆగిపోతుంది. ఈ మాటకు తరువాత మళ్లీ వస్తాను.

ఇప్పుడు రసాయనాల సంగతి. ఇవి కణపు రక్షణ మీద ఒకే రకంగా పనిచేయవు. కొన్ని తామే ఆక్సీకరణ కారకాలు: హైడ్రోజన్ పెరాక్సైడ్, హైపోక్లోరైట్, అయోడిన్. వీటి లెక్క సూటిగా ఉంటుంది. గాయాల మీద పోసే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తీసుకోండి. అది సుమారు 0.9 మోలార్ ద్రావణం. కణం లోపల మామూలుగా ఉండే పెరాక్సైడ్ 10 నానోమోలార్ అనుకున్నా, గాయం మీద పడింది దానికి దాదాపు తొమ్మిది కోట్ల రెట్లు. బాక్టీరియా చస్తుంది, నిజమే. గాయాన్ని మాన్పడానికి పాకుతూ వస్తున్న మన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కూడా చస్తాయి. హైపోక్లోరైట్‌కు ఆమ్ల రూపమైన హైపోక్లోరస్ ఆమ్లం మన శరీరానికి పరాయిది కాదన్నది కూడా ఇక్కడ చెప్పాలి. మన తెల్ల రక్తకణాలు మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముతో దానిని తయారుచేసి, తాము మింగిన బాక్టీరియా మీద ప్రయోగిస్తాయి. కానీ అవి ఆ పనిని ప్రధానంగా ఒక చిన్న సంచిలో, మూసి ఉంచి చేస్తాయి. మనం సీసాలో నుంచి పోసినప్పుడు ఆ సంచి ఉండదు.

రెండో రకం రసాయనాలే నాకు ఎక్కువ ఆలోచన పుట్టించినవి. ఇవి ఆక్సీకరణ కారకాలను నేరుగా తీసుకురావు. కణం దాచుకున్న థయోల్‌ను తినేస్తాయి. ఐసోథయజోలినోన్లు అనే కుటుంబం దీనికి మంచి ఉదాహరణ. మిథైల్ ఐసోథయజోలినోన్, దాని క్లోరిన్ రూపం చాలాకాలంగా షాంపూలలో, రంగులలో, జిగురులలో, శుభ్రపరిచే ద్రవాలలో ప్రిజర్వేటివ్‌లుగా ఉన్నాయి. వీటి అణువులో ఐదు పరమాణువుల వలయం ఉంటుంది. అందులో గంధకం, నైట్రోజన్ పక్కపక్కనే కట్టబడి ఉంటాయి. ఆ కట్టు బలహీనమైనది. థయోల్ ఒకటి వచ్చి తగలగానే ఆ కట్టు తెగి, వలయం విచ్చుకుని, అణువు థయోల్‌లోని గంధకానికి అంటుకుంటుంది. బాక్టీరియాలో అలా అంటుకునేది శ్వాసక్రియకు అవసరమైన డీహైడ్రోజినేజ్ ఎంజైముల సిస్టీన్లకు. అందుకే బాక్టీరియా నిమిషాలలో స్తంభించి, గంటలలో చస్తుంది. మరి మన కణంలో? అక్కడ ముందుగా ఎదురొచ్చే థయోల్ ఏది? మిల్లీమోలార్ లెక్కన నిండి ఉన్న గ్లూటాథయోనే కదా. రసాయనం మన ఎంజైములను తాకకముందే గ్లూటాథయోన్ అడ్డుపడుతుంది. అడ్డుపడిన ప్రతిసారీ ఖర్చవుతుంది.

దీన్ని కంటితో చూడవచ్చు. 1959లో ఎల్మన్ ప్రవేశపెట్టిన ఒక పరీక్ష ఇప్పటికీ ప్రయోగశాలల్లో నడుస్తోంది. డీటీఎన్‌బీ అనే రసాయనాన్ని కలిపితే, థయోల్ ఉన్నచోట పసుపు రంగు వస్తుంది. ఆ రంగును 412 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తాం. 96 గుంటలున్న పళ్లెంలో చర్మ కణాలను పెంచి, ఎడమ నుంచి కుడికి రసాయనపు మోతాదును పెంచుకుంటూ పోతాం. రెండు మూడు గంటల తరువాత కణాలను పగలగొట్టి డీటీఎన్‌బీ వేస్తే, ఎడమ చివరి వరుస చిక్కటి పసుపులో ఉంటుంది, మధ్య వరుసలు వెలిసిపోతూ ఉంటాయి, కుడి చివర దాదాపు నీటి రంగే మిగులుతుంది. నేను మొదటిసారి ఈ పళ్లెం చేసినప్పుడు నన్ను ఆపింది ఆ రంగు కాదు. అదే మోతాదులతో పక్కన ఉంచిన మరో పళ్లేన్ని, కణాలను పగలగొట్టకుండా, సూక్ష్మదర్శిని కింద చూశాను. రంగు పోయిన వరుసకు సరిపోయే గుంటల్లో కణాలు ఇంకా చక్కగా పరుచుకుని, అంచులు చాపుకుని, ఏమీ జరగనట్టే ఉన్నాయి. మరునాడు ఉదయం చూస్తే అవే కణాలు గుండ్రంగా ముడుచుకుని అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. చావు కంటికి కనబడేసరికి నిల్వ ఖాళీ అయి చాలా గంటలు గడిచిపోయాయి. కణం బతికి ఉందా లేదా అని మాత్రమే చూసే పరీక్షల మీద నాకు అప్పటి నుంచి పూర్తి నమ్మకం లేదు.

ఇక్కడ ఒక భేదం చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పెరాక్సైడ్ వల్ల జంటగా మారిన గ్లూటాథయోన్‌ను కణం మళ్లీ విడదీసుకోగలదు. అది చేబదులు ఇచ్చినట్టు, తిరిగి వస్తుంది. కానీ ఒక రసాయనానికి గట్టిగా అతుక్కుపోయి, దానితో పాటు కణం బయటకు గెంటివేయబడిన గ్లూటాథయోన్ తిరిగి రాదు. కొత్తది తయారుచేసుకోవాలి. అందుకు సిస్టీన్ కావాలి, శక్తి కావాలి, గంటల సమయం కావాలి. అందుకే ఒకే మోతాదును ఒకసారి ఇచ్చి వదిలేయడం వేరు, దానినే చిన్న భాగాలుగా విరామం లేకుండా ఇస్తూ పోవడం వేరు.

అయితే కణం ఖాళీ అవుతూ ఊరుకుంటుందా? ఊరుకోదు. కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీను ఉంది. అది రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. మామూలు సమయంలో కీప్1 అనే మరో ప్రోటీను దానిని పట్టుకుని, పుట్టింది పుట్టినట్టే నాశనానికి పంపుతూ ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2ను 1994లో గుర్తించారు, కీప్1ను 1999లో. ఈ కీప్1 ప్రమాదాన్ని దేనితో పసిగడుతుందో తెలుసా? తన సొంత సిస్టీన్లతో. గ్లూటాథయోన్‌ను తినే రసాయనమే కీప్1 సిస్టీన్లకూ అంటుకుంటుంది. అప్పుడు కీప్1 పట్టు పనికిరాకుండా పోతుంది, ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళుతుంది, గ్లూటాథయోన్‌ను తయారుచేసే ఎంజైములు, ఎన్‌ఏడీపీహెచ్‌ను తయారుచేసే ఎంజైములు పెరుగుతాయి. దాడి చేసే గుణమే హెచ్చరిక గంటను కూడా మోగించడం నాకు ఎన్నేళ్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

దీని పర్యవసానం ఏమిటంటే, తక్కువ మోతాదు రసాయనం ఇచ్చి మరునాడు కొలిస్తే గ్లూటాథయోన్ తగ్గి ఉండదు, పెరిగి ఉంటుంది. అది చూసి ఈ రసాయనం కణానికి మేలు చేసిందని రాసిన వాక్యాలు నేను చదివాను. దయచేసి అలా అనుకోకండి. రెండు గంటలకు కొలిస్తే లోయ, ఇరవై నాలుగు గంటలకు కొలిస్తే గుట్ట. ఏ గంటకు కొలిచారో చెప్పని అంకెకు అర్థం లేదు.

మూడో దారి మైటోకాండ్రియా ద్వారా వస్తుంది. మైటోకాండ్రియా పూర్వం స్వతంత్రంగా బతికిన బాక్టీరియా సంతతి అన్నది మీకు తెలిసిందే. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది, బాక్టీరియా రైబోజోములను పోలిన రైబోజోములు ఉన్నాయి. బాక్టీరియాను గురిచూసిన యాంటీబయోటిక్ మన కణంలో ఎక్కడ తగులుతుందంటే, సహజంగా, ఆ పాత బంధువు దగ్గరే. 2013లో జేమ్స్ కాలిన్స్ అనే శాస్త్రవేత్త బృందం సిప్రోఫ్లాక్సాసిన్, యాంపిసిలిన్, కానామైసిన్ అనే మూడు వేర్వేరు తరగతుల యాంటీబయోటిక్‌లు క్షీరద కణాలలో మైటోకాండ్రియా పనిని దెబ్బతీసి ఆక్సీకరణ నష్టాన్ని పెంచుతాయని చూపించింది. బాక్టీరియా పెరుగుదలను ఆపుతుందే తప్ప చంపని టెట్రాసైక్లిన్‌తో ఆ నష్టం కనబడలేదు. కంటిచుక్కలలో తరచుగా ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ మైటోకాండ్రియాలోని మొదటి ఎలక్ట్రాన్ ద్వారాన్ని అడ్డుకుంటుంది. ట్రైక్లోసాన్ మైటోకాండ్రియా పొరకు చిల్లులు పడ్డట్టు ప్రోటాన్లను కారిపోనిస్తుంది. ట్రైక్లోసాన్ కలిపిన సాధారణ వినియోగ సబ్బులను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2016లో నిలిపివేసింది. మామూలు సబ్బు, నీటి కంటే అవి మెరుగైనవని, దీర్ఘకాలం వాడటానికి సురక్షితమని తయారీదారులు నిరూపించకపోవడమే అందుకు చెప్పిన కారణం.

యాంటీబయోటిక్‌ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక చేసి ముందుకు వెళతాను. వైద్యులు రాసిన యాంటీబయోటిక్‌ను ఈ ప్రసంగం విని ఎవరూ మానకూడదు. ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ ముందు ఈ నష్టం చాలా చిన్నది. కానీ ఆ నష్టం ఎక్కడ తిరిగిరాని రూపం దాలుస్తుందో తెలుసుకోవడం అవసరం. జెంటామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్లను తీసుకోండి. ఇవి లోపలి చెవిలోని రోమకణాలలోకి చేరి, ఇనుముతో కలిసి ఆక్సీకరణ కారకాలను పుట్టిస్తాయి. మనిషిలో ఆ కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. 2006లో ప్రచురితమైన ఒక చైనా అధ్యయనంలో జెంటామైసిన్ తీసుకుంటున్న రోగులకు దానితో పాటు ఆస్పిరిన్ ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 13 శాతం మందికి వినికిడి తగ్గితే, ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 3 శాతం మందికి మాత్రమే తగ్గింది. ఆస్పిరిన్ శరీరంలో సాలిసిలేట్‌గా మారి ఇనుమును పట్టుకుంటుంది, రాడికల్స్‌ను అణుస్తుంది. యంత్రాంగం అర్థమైతే నివారణ ఎక్కడ వెతకాలో తెలుస్తుందనడానికి ఇంతకంటే నేరుగా చూపగల ఉదాహరణ నా దగ్గర లేదు. ఇది ఎవరికి వారు చేసుకునే వైద్యం కాదన్నది వేరే చెప్పనక్కరలేదు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

ఇందాక ఒక గొలుసు గుర్తుంచుకోమన్నాను. గ్లూకోజ్, ఎన్‌ఏడీపీహెచ్, గ్లూటాథయోన్, పెరాక్సైడ్. ఇప్పుడు ఎర్ర రక్తకణాన్ని తలచుకోండి. దానికి కేంద్రకం లేదు, అంటే ఎన్‌ఆర్‌ఎఫ్2 వెళ్లి మేల్కొలపడానికి జన్యువులే లేవు. మైటోకాండ్రియా లేవు. ఎన్‌ఏడీపీహెచ్‌కు దానికి ఉన్న ముఖ్యమైన దారి పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గమే. ఆ మార్గపు మొదటి ఎంజైము, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందిలో లోపించి ఉంది. మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చినప్పుడు కొందరి రక్తకణాలు ఎందుకు పగిలిపోతున్నాయో చాలాకాలం అర్థం కాలేదు. 1956లో ఈ ఎంజైము లోపమే కారణమని తేలింది. మందు ఒకటే, మోతాదు ఒకటే. ఒకరిలో ఏమీ కాదు, మరొకరి మూత్రం నల్లబడుతుంది. రసాయనం ఎంత విషం అని మనం అడుగుతాం. ఎవరికి అని కూడా అడగాలి కదా?

ఎక్కడ అని కూడా అడగాలి. చర్మం పైన చచ్చిన కణాల పొర ఉంది. అది చాలా రసాయనాన్ని ఆపుతుంది. ఊపిరితిత్తిలో అలాంటి పొర లేదు. దాని లోపలి ఉపరితలాన్ని తడిపే పలుచని ద్రవంలో గ్లూటాథయోన్ రక్తద్రవంలో కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. ప్రకృతి అక్కడ పెట్టిన కాపలా అది. ఆ కాపలా కూడా చాలని సందర్భం ఒకటి జరిగింది. దక్షిణ కొరియాలో ఇళ్లలో గాలిని తేమగా ఉంచే యంత్రాల నీటిలో క్రిమినాశకాలు కలిపి వాడారు. వాటిలో కొన్నిటిలో ఉన్నది పీహెచ్‌ఎంజీ అనే పాలిమర్, మరికొన్నిటిలో ఉన్నది ఇప్పుడు చెప్పిన ఐసోథయజోలినోన్లు. తలుపులు మూసిన గదిలో, రాత్రంతా, నెలల తరబడి ఆ తుంపర ఊపిరితిత్తులలోకి వెళ్లింది. 2011లో కారణం బయటపడేసరికి గర్భిణులు, పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. సీసాలో భద్రంగా ఉన్న రసాయనం, చర్మం మీద కడిగేసినప్పుడు ఓర్చుకోదగ్గ రసాయనం, ఊపిరిలో మరొకటి అయింది. ఈ సంఘటన చదివిన రోజు నుంచి, ఏ ప్రిజర్వేటివ్ గురించి ఎవరు అడిగినా నేను ముందు అడిగేది శాతం కాదు, అది శరీరంలోకి వెళ్లే దారి.

ఐసోథయజోలినోన్ల విషయంలో నియమాలు కూడా మారాయి. ఒంటి మీదే ఉండిపోయే సౌందర్య సామగ్రిలో మిథైల్ ఐసోథయజోలినోన్‌ను యూరప్ 2017 నుంచి నిషేధించింది. కడిగివేసే వాటిలో పది లక్షల పాళ్లకు 15 పాళ్లకు పరిమితం చేసింది. ఈ నిర్ణయానికి ఆధారం ఆక్సీకరణ ఒత్తిడి కాదు, చర్మ అలర్జీ. కానీ ఆ అలర్జీ మొదలయ్యేది కూడా ఆ అణువు చర్మపు ప్రోటీన్ల సిస్టీన్లకు అతుక్కోవడంతోనే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఒక ప్రశ్న ఉండి ఉంటుంది. గ్లూటాథయోన్ ఖర్చవుతోందంటే, దాన్ని నింపే మందు వేసుకుంటే సరిపోదా? ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే పదార్థం ఉంది. పారాసిటమాల్ విషమైనప్పుడు కాలేయాన్ని కాపాడేది అదే. ప్రయోగశాలలో ఈ పదార్థాన్ని ప్రిజర్వేటివ్‌తో కలిపి కణాల మీద వేస్తే, కణాలు నిక్షేపంగా బతికిపోతాయి. చాలా అందమైన ఫలితం. కానీ ఆ పదార్థంలో కూడా థయోల్ ఉంది. ఐసోథయజోలినోన్ థయోల్‌ను చూడగానే అంటుకుంటుందని చెప్పాను కదా. అంటే ఆ రెండూ గుంటలోని ద్రవంలోనే, కణం బయటే, ఒకదానినొకటి పట్టుకుని ముగిసిపోయి ఉండవచ్చు. కణం రక్షించబడింది నిజమే, కానీ దాని లోపలి నిల్వ పెరిగినందువల్ల కాదు, దాడి చేసే అణువు దాని దాకా రానందువల్ల. కంటిచుక్కలు వేసుకునే మనిషి నోటితో మింగిన మాత్ర ఆ పని చేయదు.

మరి ఏది జరిగిందో తేల్చడం ఎలా? మా విద్యార్థుల చేత నేను చేయించేది ఇది. ఎన్-అసిటైల్ సిస్టీన్‌ను ముందుగా ఇచ్చి, కొన్ని గంటలు ఆగి, కణాలు దానిని తీసుకుని తమ గ్లూటాథయోన్‌గా మార్చుకున్నాక, ద్రవాన్ని తీసేసి రెండుసార్లు కడిగి, అప్పుడు రసాయనాన్ని వేయాలి. పక్కనే మరో వరుసలో గ్లూటాథయోన్ తయారీని ఆపే బ్యుథయోనిన్ సల్ఫాక్సిమిన్ కూడా వేసి అదే చేయాలి. మొదటి వరుస బతికి, రెండో వరుస చస్తే, రక్షణ లోపలి నుంచి వచ్చిందని రాయవచ్చు. రెండు వరుసలూ చస్తే, ఇంతకుముందు చూసిన రక్షణ ద్రవంలో జరిగిన రసాయన చర్య మాత్రమే. ప్రిజర్వేటివ్ నష్టాన్ని యాంటీఆక్సిడెంట్ ఆపిందని చెప్పే నివేదిక మీ చేతికి వచ్చినప్పుడు ముందుగా పద్ధతుల భాగానికి వెళ్లి, ఆ రెండింటి మధ్య కణాలను కడిగారా లేదా అన్నది వెతకండి.